యాభై దాటాక వచ్చే ధైర్యం ఎక్కడిది?

"యాభై దాటాకే అసలు జీవితం మొదలవుతుంది" అనే మాట ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తోంది. నెరిసిన జుట్టుతో, మంచి కాటన్ చీరలో, ఏదో కొండ మీద నిలబడి నవ్వుతున్న ఒకావిడ ఫొటో, కింద నాలుగు లైన్లు, వేలల్లో లైకులు. అబద్ధమని నేను అనను. ముప్ఫై ఏళ్లప్పుడు అత్తగారి ముందు కుర్చీలో కూర్చోవడానికి జంకి, అరవైలో పెళ్లి పందిట్లో మైకు లాక్కుని పాట పాడేసే పిన్నో పెద్దమ్మో మనందరి ఇళ్లల్లోనూ ఉంటుంది. కానీ అదే వయసులో, అదే వీధిలో, కొడుకు ఫోన్ రీచార్జ్ చేయించడం మర్చిపోతే నోరు తెరిచి అడగలేక రెండు వారాలు ఊరుకునే ఆవిడ కూడా ఉంటుంది. వయసు ఇద్దరికీ ఒక్కటే కదా, మరి తేడా ఎక్కడొచ్చింది?

నాకు అర్థమైనంతలో, వయసు దానంతటది ధైర్యం ఇవ్వదు. వయసుతోపాటు ఆడదాని మీద ఉన్న కొన్ని కాపలాలు సడలుతాయి, అంతే. అలా సడలిన చోట చేతిలో సొంత డబ్బు, తన పేరున ఒక కాగితం, మోకాళ్లలో కాస్త సత్తువ, వెళ్లి కూర్చోడానికి నలుగురు మనుషులు ఉంటే దాన్ని మనం ఆనందం అంటున్నాం. అవేవీ లేకపోతే అదే ఖాళీలోకి ఒంటరితనం వచ్చి కూర్చుంటుంది. ఫొటో కింద రాసే నాలుగు లైన్లలో ఈ రెండో సంగతి ఉండదు.

ముందు పరిశోధనలు ఏమంటున్నాయో చూద్దాం, ఎందుకంటే ఫార్వర్డుల్లో తిరిగే మాటలకి మూలం అక్కడే ఉంది. డేవిడ్ బ్లాంచ్‌ఫ్లవర్ అనే ఆర్థికవేత్త వందకు పైగా దేశాల సర్వేలు ముందేసుకుని, మనిషి తృప్తి వయసుతోపాటు ఇంగ్లిష్ 'యూ' అక్షరంలా కదులుతుందని తేల్చారు. కుర్రతనంలో పైన ఉంటుంది, 47, 48 ఏళ్ల దగ్గర అడుక్కి దిగుతుంది, తర్వాత మళ్లీ పైకి లేస్తుంది. ఎందుకు లేస్తుందన్న దానికి స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే లారా కార్‌స్టెన్సెన్ అనే మనస్తత్వవేత్త ఒక కారణం చెప్పారు. ముందున్న కాలం తక్కువని లోపల తెలిసేకొద్దీ మనిషి పరిచయాల్ని వడకట్టుకుంటాడట, మొహమాటానికి మోసే సంబంధాల్ని వదిలేసి మనసుకి నచ్చినవాళ్ల దగ్గరే కూర్చుంటాడట. ఇది మన అమ్మమ్మల్ని చూస్తే నిజమే అనిపిస్తుంది. ఇక మూడోది అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చుకుంది. 2002లో బెకా లెవీ అనే పరిశోధకురాలు అమెరికాలోని ఒక చిన్న ఊళ్లో 660 మంది వివరాలు పరిశీలించి, వయసు మీద పడటం గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే సగటున 7.5 ఏళ్లు ఎక్కువ బతికారని రాశారు.

ఇంకేముంది, "పాజిటివ్‌గా ఆలోచించండి, ఆయుష్షు పెంచుకోండి" అని మొదలైంది. కానీ ఆలోచన మంచిదై ఆయుష్షు పెరిగిందా, లేక జీవితం కాస్త సజావుగా సాగినవాళ్లకే మంచి ఆలోచనలు వచ్చాయా అన్నది పూర్తిగా విడదీయడం కష్టం. ఆ పరిశోధకులు ఆరోగ్యం, ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకునే ఆ సంఖ్య చెప్పారు, కాదనను. అయినా అది అమెరికా. మన దేశంలో 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా మనుషుల్ని కలిసి చేసిన పెద్ద సర్వే ఒకటుంది, లాసీ అంటారు. అందులో కుంగుబాటు మగవాళ్లకంటే ఆడవాళ్లలో, అందులోనూ భర్త పోయినవాళ్లలో ఎక్కువగా కనిపించింది. అంటే మన దగ్గర ఆ 'యూ' అక్షరం రెండో కొమ్మ అందరికీ పైకి లేవడం లేదు. ఎవరికి లేస్తోంది, ఎవరికి లేవడం లేదు అన్నదే అసలు ప్రశ్న.

చూసే కళ్లు తగ్గితే

మన ఇళ్లల్లో ఆడపిల్ల ఈడొచ్చిన దగ్గర్నుంచి ఆమె మీద ఒక నిఘా ఉంటుంది. ఎక్కడికెళ్తోంది, ఎవరితో మాట్లాడుతోంది, ఎన్నింటికొచ్చింది, చున్నీ సరిగ్గా ఉందా లేదా. ఇంటి పరువంతా ఆమె ఒంటి మీద మోపి పెడతారు కాబట్టి ఆ కాపలా. పిల్లలు పుట్టే వయసు దాటగానే ఆ అవసరం తీరిపోతుంది, ఎవరూ ప్రకటించకుండానే నిఘా సడలిపోతుంది.

దీనికి శబరిమల కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు. 10 నుంచి 50 ఏళ్ల మధ్య ఆడవాళ్లు కొండ ఎక్కకూడదన్న ఆచారాన్ని 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, దాని మీద రివ్యూ పిటిషన్లు పడ్డాయి, వ్యవహారం పెద్ద ధర్మాసనం దాకా పోయింది. మన ఊళ్లల్లో మాత్రం నడిచేది పాత లెక్కే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా రెండు రాష్ట్రాల నుంచీ బయలుదేరే స్వాముల బస్సుల్లో యాభై దాటిన ఆడవాళ్లు ఇరుముడి పట్టుకుని కూర్చుంటారు. 41 రోజుల దీక్షలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, సాయంత్రం భజన. కష్టమే. కానీ వాళ్ల మొహాలు చూడండి. నలభై ఏళ్లుగా "ఏమే" అని కేకేసిన భర్తకి ఆ 41 రోజులూ అలా పిలవడానికి వీల్లేదు, గౌరవంగా పలకరించాల్సిందే. ఇంటి బయట ఆమెకంటూ ఒక గుంపు ఉంది, ఒక యాత్ర ఉంది, అడ్డు చెప్పేవాళ్లు లేరు.

అయితే ఈ స్వేచ్ఛ ఆమెకి మనిషిగా ఇచ్చింది కాదు. "ఇక ఈవిడతో ఏ గొడవా రాదు" అనుకుని వదిలేసిన స్వేచ్ఛ. అందుకే దానికి షరతులుంటాయి. తిరుపతి వెళ్తానంటే సంచి సర్దిపెట్టి పులిహోర కట్టిచ్చి పంపే ఇల్లే, స్నేహితురాళ్లతో ఊటీ వెళ్తానంటే "ఈ వయసులోనా?" అంటుంది. ఎర్రంచు చీర కట్టుకుంటే "ముసల్దానివయ్యాక సోకులేంటి", కూతురి పక్కన కూర్చుని సినిమా చూస్తే "కృష్ణా రామా అనుకోక". భక్తి దారి తెరిచి, సరదా దారికి తడిక కడతారన్నమాట. చాలామంది ఆడవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు, అందుకే సరదాని భక్తిలో కలిపి తీసుకెళ్తారు. అరుణాచలం గిరిప్రదక్షిణకి వెళ్లే బస్సులో ఎంత నవ్వులాట ఉంటుందో ఎక్కినవాళ్లకే తెలుస్తుంది.

ఇంకో సంగతి, అత్తరికం. 1988లో డెనిజ్ కాండియోటి అనే టర్కీ సామాజిక శాస్త్రవేత్త, మన దక్షిణాసియాతో సహా కొన్ని సమాజాల్లో ఆడవాళ్లు మగపెత్తనంతో ఒక బేరం కుదుర్చుకుంటారని రాసింది. వయసులో ఉన్నప్పుడు కోడలిగా అణిగి ఉంటుంది, కొడుకుని కంటుంది, పెద్దయ్యాక కోడలి మీద అధికారం చెలాయిస్తుంది. జీతమంతా ఆఖర్న ఒకేసారి ఇస్తామని చెప్పి ముప్ఫై ఏళ్లు పని చేయించుకునే ఉద్యోగం లాంటిది. ఇప్పుడు అరవైల్లో ఉన్న తెలుగు ఆడవాళ్ల తరానికి ఏమైందంటే, పని చేసేశారు, జీతం రోజు వచ్చేసరికి కంపెనీ మూతపడింది. కొడుకు గచ్చిబౌలిలోనో బెంగళూరులోనో ఉన్నాడు, కోడలు అతనికి సమానంగా సంపాదిస్తోంది, ఆమె మీద అధికారం చెలాయించే మాటే లేదు. "మేం అత్తలకి భయపడ్డాం, ఇప్పుడు కోడళ్లకి భయపడుతున్నాం" అనే మాట ఈ తరం ఆడవాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో.

ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. ఆ రావాల్సిన బాకీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లు రోజంతా కుములుతుంటారు. "పోనీలే, దాని బతుకు దాన్ని బతకనీ, నా బతుకు నేను బతుకుతా" అనుకున్నవాళ్లు తేలికపడ్డారు. నేను చూసినంతలో వయసు మళ్లాక హాయిగా ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకం. వాళ్లది గొప్ప మనసని కాదు, వాళ్లకి ఇంకో పని దొరికింది.

చూసే కళ్ల సంగతి మా పిన్ని దగ్గర ఇంకా బాగా అర్థమైంది. కూతురి పురిటికి డాలస్ వెళ్లింది, విజిటర్ వీసా మీద, అందరిలాగే ఆరు నెలలు. సూట్‌కేసు నిండా నెయ్యి, కాయం, పథ్యం పొడి, ఒక మూల నాలుగు చీరలు. అక్కడ చలికి చీర ఆగక కూతురి చుడీదార్లు వేసుకోవడం మొదలుపెట్టింది, తర్వాత నడవడానికి బూట్లు కొనిపించుకుంది, అపార్ట్‌మెంట్ల చుట్టూ అలాంటి తెలుగు అమ్మలు ఇంకో ఐదారుగురు పోగయ్యారు. వీడియో కాల్‌లో చూస్తే పదేళ్లు తగ్గినట్టు కనిపించేది. శంషాబాద్‌లో దిగిన మర్నాడు చూస్తే మళ్లీ చీర, మళ్లీ హవాయి చెప్పులు. బూట్లేవని అడిగితే "ఇక్కడందరూ తెలిసినవాళ్లేనే" అంది. పిన్ని వయసు అక్కడా ఇక్కడా అదే. మారింది చూసేవాళ్లు.

అలాగని అమెరికా స్వర్గమనీ కాదు. కారు నడపడం రాదు, చేతిలో డాలర్ ఉండదు, పన్ను నొప్పి వచ్చినా బీమా చూసుకుని మాట్లాడాలి. ఆరు నెలలు వీళ్లు, ఆరు నెలలు వియ్యంకులవాళ్లు అని డ్యూటీలేసుకుని పిల్లల్ని పెంచే ఏర్పాటులో ఆమె శ్రమకి లెక్క ఉండదు, "అమ్మకి కూడా కాలక్షేపం" అంటారు. కొందరికి నిజంగానే అది సంతోషం. కొందరు తిరుగు టికెట్ తేదీ చూసుకుంటూ ఉంటారు, పైకి చెప్పరు.

ఒంట్లో ఏం జరుగుతోంది

మన దేశంలో ఆడవాళ్లకి ముట్లుడిగే సగటు వయసు 46, 47 ఏళ్లు. పాశ్చాత్య దేశాల్లో 51 దాకా ఉంటుంది. ఇందాకటి 'యూ' అక్షరం అడుగు భాగం కూడా ఇంచుమించు అక్కడే ఉందని గమనించారా? ఒక తెలుగు ఇల్లాలికి ఆ వయసులో ఏమేం కలిసొస్తాయో చూడండి. పిల్లాడి ఇంటర్, ఎంసెట్ టెన్షన్, మామగారికి బైపాస్, ఇంటి లోను, ఆడపిల్ల ఉంటే పెళ్లి ఖర్చు దిగులు, వీటి మధ్యలో అర్ధరాత్రి ఒళ్లంతా సెగలు కక్కి చెమటతో మెలకువ. పగలు చిరాకు, మతిమరుపు, ఊరికే ఏడుపు. ఇంట్లోవాళ్లు "ఈమధ్య అమ్మ ప్రతిదానికీ అరుస్తోంది" అనుకుంటారు తప్ప ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోతోందని ఎవరూ అనుకోరు, చాలాసార్లు ఆమెకే తెలియదు. కొన్నేళ్లలో ఈ గాలివాన సర్దుకుంటుంది, పిల్లలు ఒక దారిన పడతారు. అప్పుడు వచ్చే ఊరటని మనం "వయసు తెచ్చిన ప్రశాంతత" అంటున్నాం. అందులో కొంత, నొప్పి ఆగాక ఉండే హాయి మాత్రమే. సెగలు మరీ ఎక్కువైతే డాక్టర్లు హార్మోన్ మందులు కూడా ఇస్తారు. అవి అందరికీ పడవు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి మామూలుగా ఇవ్వరు కాబట్టి అడిగి తెలుసుకోవాలి. అసలు అడగొచ్చన్న సంగతే చాలామందికి చేరలేదు.

మన రెండు రాష్ట్రాలకి ప్రత్యేకమైన గోడు ఇంకోటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం చుట్టూ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం దాటారు. తెల్లబట్ట అనో, నొప్పి అనో, "పిల్లలు పుట్టేశారు కదా, ఇక దాంతో పనేముంది, ఉంటే క్యాన్సర్ వస్తుంది" అనో భయపెడితే ఆపరేషన్‌కి ఒప్పుకున్నవాళ్లు ఇందులో ఎంతోమంది. నెలనెలా ముట్టు వస్తే కూలి పోతుందని తీయించుకున్నవాళ్లూ ఉన్నారు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే వయసు పదేళ్లు ముందుకొచ్చేసినట్టే, ఎముకలు అప్పట్నుంచే పలచబడతాయి. నలభై అయిదుకే నడుం పట్టుకుని కూర్చున్న ఆవిడకి "వయసును ఆస్వాదించండి" అని చెప్పడం నాకు ఎగతాళిలాగే అనిపిస్తుంది.

ఎముకల గురించి ఒక్క మాట. ముట్లుడిగిన మొదటి కొన్నేళ్లలోనే ఎముక వేగంగా తరిగిపోతుంది. అందుకే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో మామూలు ఆడవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం చాలన్నా, ముట్లుడిగినవాళ్లకి 1200 కావాలని చెప్పింది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి రాగిసంకటి, పెరుగు, మునగాకు మన పళ్లెంలోకి తిరిగి రావడం మంచిదే, కానీ తిండి ఒక్కటే చాలదు. కండ ఉండాలి. ఆడవాళ్లు మా ఇంటి పనే వ్యాయామం అంటారు, మహా అయితే పొద్దున నడుస్తారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోగలరేమో చూసుకోండి. కష్టంగా ఉంటే తొడల్లో బలం తగ్గిందని అర్థం, దానికి నడక కంటే చిన్న చిన్న బరువులు ఎత్తడం ఎక్కువ పనిచేస్తుంది. అరవైల్లో డంబెల్స్ పట్టుకుంటే నవ్వుతారంటారా, నవ్వనివ్వండి, తుంటి విరిగితే వాళ్లెవరూ వచ్చి మంచం దగ్గర కూర్చోరు.

ఇంకొకటుంది, ఎవరూ బయటికి చెప్పనిది. దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోవడం. కాన్పులైనవాళ్లలో, ముట్లుడిగినవాళ్లలో ఇది మామూలు సంగతి, పొత్తికడుపు అడుగు కండరాల్ని బిగించి వదిలే వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది, ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. కానీ చెప్పుకోడానికి సిగ్గు. అందుకని బస్సు ప్రయాణాలు మానేస్తారు, పెళ్లిళ్లకి వెళ్లడం తగ్గిస్తారు, పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా ఉంటారు. పైవాళ్లకి "పెద్దావిడ ఇల్లు కదలట్లేదు, ఓపిక తగ్గింది" అనిపిస్తుంది. అసలు కారణం బస్టాండులో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవడం.

సున్నా టికెట్ చేసిన పని

బస్సుల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు కట్టే పని లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. దీని మీద ఎన్ని జోకులు, ఎన్ని వీడియోలు! సీటు కోసం జుట్టు పట్టుకున్నారని, బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారని. వెల్లుల్లి ఒలిస్తే తప్పేంటో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఆర్టీసీ మీద భారం, ఆటోవాళ్ల గిరాకీ, బస్సులు చాలకపోవడం, ఇవన్నీ నిజమైన సమస్యలే, మాట్లాడుకోవాల్సినవే. కానీ ఆ జోకులేసిన మగవాళ్లకి కనిపించనిది ఒకటుంది.

కూతురు పక్క మండలంలో ఉంటుంది. చూసి రావాలనుంది. రానూపోనూ నూటయాభై. ఆ నూటయాభై కోసం కొడుకుని అడగాలి, "మొన్ననేగా వెళ్లొచ్చావ్" అనిపించుకోవాలి. డబ్బు కంటే ఆ అడగడమే బరువు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ చింపి ఇచ్చే సున్నా టికెట్ తీసేసింది ఆ బరువుని. ఇప్పుడు వేములవాడ వెళ్తుంది, చెల్లెలి ఇంటికి వెళ్తుంది, ఏ పనీ లేకపోయినా పక్కింటావిడకి తోడుగా కరీంనగర్ ఆస్పత్రిదాకా వెళ్లొస్తుంది. ఎందుకెళ్తున్నావో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా గడప దాటగలగడం, ఆత్మవిశ్వాసం గురించి చెప్పే క్లాసులన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

పింఛనూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య, వితంతు పింఛన్లు నెలకి 4000 అయ్యాయి, ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇస్తారు. తెలంగాణలో ఆసరా కింద 2016 వస్తోంది. పెద్ద మొత్తాలు కావు, కానీ మనవడికి ఐదొందలు చేతిలో పెట్టగలిగిన నానమ్మకి ఇంట్లో మాట విలువ వేరుగా ఉంటుంది. చెడ్డగా అనిపించినా నిజం ఇదే, మన ఇళ్లల్లో గౌరవం ఊరికే రాదు.

గుంపు సంగతి కూడా డబ్బుతోపాటే చెప్పాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా వేలంపాటలు అడ్డుకోవడం మొదలుపెడితే అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారాపై నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఊరూరా డ్వాక్రా సంఘాలు. ఇప్పుడు అరవై దాటిన పల్లెటూరి ఆడవాళ్లలో చాలామంది పాతికేళ్లుగా సంఘంలో కూర్చుని తీర్మానం రాయించి, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడి, కట్టనివాళ్ల ఇంటిముందు నిలబడి వసూలు చేసినవాళ్లు. అప్పుల గొడవలు, లీడర్ల పెత్తనాలు అందులోనూ ఉన్నాయి, నేనేం పొగడ్తలకి దిగట్లేదు. కానీ పట్నంలో చదువుకుని, ఉద్యోగం లేకుండా ఫ్లాట్‌లో ఉండిపోయిన అరవై ఏళ్ల ఆవిడకంటే ఆ ఊరి ఆవిడ నలుగురిలో గట్టిగా మాట్లాడుతుందంటే కారణం ఇదే.

గంగవ్వ గురించి అందరికీ తెలుసు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. కూలి చేసింది, బీడీలు చుట్టింది, బడి మొహం చూడలేదు. యాభైల్లో యూట్యూబ్‌లో మై విలేజ్ షో వీడియోల్లోకి వచ్చి, 2020లో బిగ్ బాస్ దాకా వెళ్లింది. ఆమెకి ఎవరూ కొత్త భాష నేర్పలేదు, జగిత్యాల మాటే మాట్లాడింది, తిట్టేచోట తిట్టింది. అంతకుముందే గుంటూరు జిల్లా గుడివాడలో మస్తానమ్మ ఉంది. నూరేళ్లు దాటాయని ఇంట్లోవాళ్లు చెప్పేవాళ్లు, 2018 డిసెంబర్‌లో పోయింది. ఆమె పుచ్చకాయలో కోడికూర వండిన యూట్యూబ్ వీడియో ప్రపంచమంతా చూసింది. ఇక విజయనగరంలో ఫిజిక్స్ చెప్పిన ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ 1929లో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో 1989లో రిటైరై, రెండు మోకాళ్లకీ ఆపరేషన్లయి, చేతికర్రల సాయంతో, తొంభై దాటాక కూడా విశాఖ నుంచి వెళ్లి క్లాసులు తీసుకున్నారు. ముగ్గురూ మూడు లోకాల మనుషులు, కానీ ఒకటి గమనించండి. ముసలితనంలో "కొత్త మనిషి"గా ఎవరూ మారలేదు. ఎప్పట్నుంచో వచ్చిన పనే చేశారు, మాట, వంట, పాఠం. మారిందల్లా ఒక్కటే, ఆ పనికి ఎదురుగా కూర్చుని చూసేవాళ్లు దొరికారు. అంత పనితనం ఉండీ ఎదురుగా ఎవరూ కూర్చోని ఆడవాళ్లు ఎంతమందో.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణా ఉంది. 2019లో గుంటూరులో 70 దాటిన ఒకావిడ ఐవీఎఫ్ ద్వారా కవలల్ని కన్నారు, దేశమంతా వార్త అయింది. పిల్లల్లేరని ఊళ్లో పడ్డ మాటలు ఆమెని డెబ్బైల్లోనూ వదల్లేదు. 2021లో వచ్చిన చట్టం ఈ చికిత్సకి ఆడవాళ్లకి 50 ఏళ్లు దాటకూడదని పరిమితి పెట్టింది. చట్టం వయసుకి గీత గీసింది గానీ "గొడ్రాలు" అనే నోళ్లకి గీయలేదు. ఎవరేమనుకుంటారో అన్న భయం వయసుతో దానంతటదే పోతుందని చెప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కాగితం ఎవరి పేరున?

మన దేశంలో అరవై దాటిన ఆడవాళ్లలో సుమారు సగం మంది భర్త పోయినవాళ్లు. అదే వయసు మగవాళ్లలో భార్య పోయినవాళ్లు ఐదో వంతు కూడా ఉండరు. ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు, పైగా తమకంటే పెద్దవాళ్లని చేసుకున్నారు. కాబట్టి ఆడదాని ముసలితనం అంటే చాలావరకు ఒంటరి ముసలితనమే, దాని గురించి ముందే ఆలోచించకుండా ఆనందం గురించి మాట్లాడటం గాలిలో మాటే. బొట్టు, గాజులు, పేరంటానికి పిలుపు ఆగిపోవడం, ఇవి కొన్ని ఇళ్లల్లో పోయాయి, చాలా ఇళ్లల్లో పోలేదు. బొట్టు పెట్టుకోమని కూతుళ్లు పట్టుబట్టిన చోట పెట్టుకున్నారు. కానీ నేను చూసినవాటిలో మనిషిని ఎక్కువ కుంగదీసేది ఇంకోటి, సొంత ఇంట్లోనే తనది ఏ గదో తెలియకపోవడం.

చట్టం మన వైపు ఎంత ఉందో చాలామందికి తెలియదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆడదానికి వచ్చిన ఆస్తి మామూలుగా పూర్తిగా ఆమెదే, భర్తా కొడుకులూ అడిగే పనిలేదు. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇస్తూ ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది, కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకి వర్తించలేదు. అంటే ఈరోజు అరవై, అరవై అయిదు దాటినవాళ్లలో ఎక్కువమంది అప్పుడు మిస్సయ్యారు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ వాళ్లనీ కలిపింది, ఆ రోజుకి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరై తెగిపోయిన పంపకాల్ని మాత్రం తిరగదోడలేరు. అయినా అడిగేవాళ్లు తక్కువ, పుట్టింటి చీరె పసుపు కుంకుమలు ఆగిపోతాయన్న భయంతో అన్నదమ్ములు చూపించిన చోట సంతకం పెట్టేసినవాళ్లే ఎక్కువ.

బ్యాంకులో నామినీగా పేరుంటే డబ్బు తనదే అనుకోవడం ఇంకో పొరపాటు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, అది ఎవరికి చెందాలన్నది వీలునామా, వారసత్వం తేలుస్తాయి. అన్నిటికంటే ప్రమాదం, ఉన్న ఇంటిని బతికుండగానే కొడుకు పేరున రాసేయడం. వీలునామా రాస్తే పోయేదాకా ఇల్లు ఆమెదే, మనసు మారితే చించేసి ఇంకోటి రాయొచ్చు. గిఫ్టు డీడో, సెటిల్‌మెంట్ దస్తావేజో రిజిస్టర్ చేయిస్తే మామూలుగా ఆ క్షణం నుంచే ఇల్లు ఆమెది కాదు. ఎలాగైనా అదే రాయాల్సి వస్తే, 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. తిండీ వసతీ చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చి, వాళ్లు చూసుకోకపోతే ఆ దస్తావేజు రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని, మన దగ్గర మామూలుగా ఆర్డీవోని, అడగొచ్చు. షరతు అనేది కాగితంలో లేకపోతే కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు అంది, 2025 జనవరిలో ఇంకో తీర్పులో కాస్త ఉదారంగా చూడాలంది. ఏ తీర్పు ఎప్పుడు పనికొస్తుందో ఎవరు చెప్పగలరు? రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజు రాసే ఆయన "అదెందుకమ్మా, కన్నకొడుకే కదా" అంటాడు. అన్నా సరే, "నా జీవితాంతం నన్ను ఈ ఇంట్లోనే ఉంచి పోషించాలి, లేనిపక్షంలో ఇది రద్దు" అనే వాక్యం రాయించుకుని, పైకి చదివించుకుని విన్నాకే సంతకం పెట్టండి. చూసుకోవడం లేదని ఇప్పటికే ఇబ్బంది పడుతుంటే 14567కి ఫోన్ చేయొచ్చు. వృద్ధుల కోసం పెట్టిన ఎల్డర్‌లైన్ అది, డబ్బులేం తీసుకోరు.